దేవుడి పెట్టెలో రోమను లక్ష్మి

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మాది శంషాబాదు. బెంగుళూరు రోడ్డు మీది పాత వూరికీ, విమానాశ్రయానికీ మధ్య వున్న కాలనీలో మా యిల్లు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి యిక్కడికి మారిన దగ్గర్నుంచీ మా యిల్లు ఒక సత్రమైపోయిందంటే నమ్మండి. చుట్టాల్లో ఎవరు అమెరికా వెళ్ళాలన్నా ముందురోజు సాయంత్రానికే మా గుమ్మంలో దిగుతారు. అర్ధరాత్రి దాటాక గాని విమానం వుండదు కదా! అప్పటిదాకా మా హాల్లో పెట్టెలు పరిచి, కొక్కెం త్రాసుతో తూచటం, బరువు ఎక్కువైతే ఆవకాయ సీసా తీసి చీర పెట్టటం, చీర తీసి మళ్ళీ ఆవకాయే పెట్టటం. ఈ సర్దుళ్ళలో నేనెంత ఆరితేరానంటే, పెట్టె చేత్తో యిలా ఎత్తి చూసి ఎన్ని కిలోలో చెప్పేస్తాను.

ఈ సర్దుళ్ళలోనే మరొకటి చాలాసార్లు చూశాను. అమ్మమ్మలూ, నాయనమ్మలూ పెట్టె మూసే ముందు, కొంగుముడి విప్పి ఏదో ఒక పాత బిళ్ళ తీస్తారు. విక్టోరియా రాణి బొమ్మ రూపాయో, చార్మినారు అచ్చు వున్న నిజాం రూపాయో. "మనవడికి పాతనాణేలంటే పిచ్చి, వాడికిస్తాను" అని దాన్ని జాకెట్టు మడతలోనో, కుంకుమ భరిణెలోనో పెడతారు. నేను కూడా పోనీలెండి అని భరిణె మూతకి రబ్బరు బ్యాండు వేసి మరీ యిచ్చేదాన్ని. అది తప్పని నాకు నిరుటిదాకా తెలియదు. ఎలా తెలిసిందో ఆ కథే యివాళ మీకు చెప్పబోతున్నాను. కథలో నా తప్పూ వుంది, అదీ దాచను.

మా అబ్బాయి అమెరికాలో వుద్యోగం. వాడికి రోమను నాణేలు సేకరించే అలవాటు పట్టుకుంది. మొదట స్టాంపులు అనుకున్నాను, నాణేలని తెలిశాక, పోనీ వెండి అయినా మిగుల్తుంది అనుకున్నాను! వీడియోలో ఆల్బం తిప్పి చూపిస్తూ వుంటాడు. వాడికి ముఖ్యంగా యిష్టమైనవి రోము నగరపు నాణేలు కావు, ఆ సామ్రాజ్యంలోని దూరపు రాష్ట్రాలలో కొట్టిన వెండి నాణేలు. సిరియాలోని ఆంటియోకు నాణెం మీద రెక్కలు విప్పిన డేగ. యిప్పటి టర్కీ నడిబొడ్డున వున్న సిజేరియా నాణెం మీద దేవుడి బదులు వాళ్ళ వూరి కొండే. ఈజిప్టులో అలెగ్జాండ్రియా నాణెం మీద చక్రవర్తి గద్దెనెక్కి ఎన్నో ఏడో అంకె వేసి వుంటుంది. వాటి మీద రాత గ్రీకు అక్షరాలలో వుంటుంది.

"ఒకే రాజ్యంలో యిన్ని రకాల డబ్బేమిట్రా?" అని అడిగాను. పక్కనే కూచుని వింటున్న మా అత్తగారు చటుక్కున అందుకున్నారు, "గట్లనే వుంటది. మాకు హాలీ సిక్కా లేదా? ఇంగిలీషోల్లకు కల్దారు లేదా?" అని. ఎనభై యెనిమిదేళ్ళ మనిషి. నల్లగొండ దగ్గర పల్లె. నిజాం కాలంలో హైదరాబాదు రాజ్యానికి హాలీ సిక్కా, బ్రిటీషు వాళ్ళకి కల్దారు రూపాయి వుండేవి. ఎల్ల దాటితే మారకం కట్టి మార్చుకోవలసిందే. అలెగ్జాండ్రియా వాళ్ళదీ సరిగ్గా ఆ లెక్కేనట. ఈజిప్టు డబ్బు ఈజిప్టులోనే చెల్లాలి, బయటి డబ్బు అక్కడ చెల్లదు. పైగా అందులో వెండి పాలు తక్కువ. అందుచేత ఎర్రసముద్రం మీదుగా మన దేశానికి బయలుదేరే వర్తకులు ఆ డబ్బు తేలేదు. మంచి వెండితో కొట్టిన "దినారియస్" అనే నాణేలు సంచుల్లో పోసుకొచ్చారు. ఆ పేరు మీకు కొత్త కాదు. మన సంస్కృతంలో దీనారం అన్నది అదే మాట.

ఆ మాటల్లోనే వాడు, "నానమ్మా, నీ దేవుడి పెట్టెలో లక్ష్మి బిళ్ళ వుండేది కదా, వుందా యింకా?" అన్నాడు.

వుంది. మా పెళ్ళయి నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్న బిళ్ళే. యిప్పటి రూపాయి కన్న కాస్త చిన్నది, కాని మందం. ఒకవైపు ఆకుల దండ తలకి చుట్టుకున్న మగవాడి ముఖం, రెండోవైపు కుర్చీలో కూచున్న ఒక స్త్రీ, ఒక చేతిలో కొమ్మలాంటిదీ, రెండో చేతిలో పొడుగాటి కర్రలాంటిదీ. ఆ కూచున్నావిడే మాకు లక్ష్మి. ప్రతి దీపావళికీ చింతపండు పెట్టి తోమి, పసుపూ కుంకుమా పెట్టి, పటం ముందు పళ్ళెంలో వుంచుతాం. ఫోటో తీసి పంపించాను. అయిదు నిముషాలలో ఫోను. వాడి గొంతు వణుకుతోంది.

"అమ్మా, అది టైబీరియస్ చక్రవర్తి దినారియస్! కూచున్నావిడ వాళ్ళమ్మ లివియా అంటారు."

టైబీరియస్ క్రీస్తుశకం 14 నుంచి 37 వరకు రోము నేలినవాడు. ఏసుక్రీస్తుని శిలువ వేసిన నాటి చక్రవర్తి ఈయనే. బైబిలులో పన్ను కట్టాలా వద్దా అని క్రీస్తుని అడిగినప్పుడు ఆయన చూపించమన్న నాణెం యిదే రకం అయివుంటుందని చాలామంది నమ్మకం. ఈ రకం నాణేలు కొట్టింది యిప్పటి ఫ్రాన్సులోని లియాన్ పట్నంలో. ఫ్రాన్సులో అచ్చయి, సముద్రాలు దాటి, నల్లగొండ జిల్లా పల్లెలో మట్టిలో పడుకుని, మా దేవుడి పెట్టెలో లక్ష్మిగా పూజలందుకుందన్న మాట!

మీలో కొందరికి అనుమానం రావచ్చు, నల్లగొండ ఎక్కడ, రోము ఎక్కడ అని. నాకూ వచ్చింది. కాని యిది ఒక్క మా యింటి వింత కాదు. నల్లగొండ దగ్గర అక్కెనపల్లిలో ఒక్కచోటే 1531 రోమను వెండి నాణేలు దొరికాయి. కరీంనగరు జిల్లా నస్తుల్లాపూరులో 39 దొరికాయి. పరమేశ్వరీలాల్ గుప్తగారు 1965లో మన రాష్ట్రంలో దొరికిన రోమను నాణేల మీద ఒక పుస్తకమే తయారుచేస్తే ప్రభుత్వ మ్యూజియం వాళ్ళు ప్రచురించారు. మన దక్షిణాదిలో దొరికే వెండి నాణేలలో ఎక్కువ భాగం అగస్టస్‌వీ, టైబీరియస్‌వే. ఆ తరవాత నీరో వచ్చి, క్రీ. శ. 64 ప్రాంతంలో, పౌను వెండికి 84 కొట్టే నాణేలు కాస్తా 96 కొట్టించాడు, వెండి నాణ్యమూ తగ్గించాడు. అంతే, అప్పట్నుంచీ వెండి నాణేలు యిటు రావటం దాదాపు ఆగిపోయింది. మంచి వెండికి అలవాటుపడ్డ మనవాళ్ళు కల్తీ సరుకు పుచ్చుకోలేదనే పండితులు అంటారు. పాలల్లో నీళ్ళు కలిస్తే మనం పాలవాణ్ణి మార్చమూ?

ఆ కాలపు రోమను పెద్దమనిషి ప్లినీ అనే ఆయన యీ వెండి బంగారాలు తూర్పుదేశాలకు పోతున్నాయని తెగ బాధపడ్డాడు. ఏడాదికి 5 కోట్ల సెస్టర్సులు ఒక్క యిండియానే లాగేస్తోందని క్రీ. శ. 77 ప్రాంతంలో రాశాడు. సెస్టర్సు అంటే దినారియస్‌లో నాలుగోవంతు. ఆ లెక్కన కోటీ పాతిక లక్షల వెండి నాణేలు. మరోచోట చీనా, అరేబియాలను కూడా కలిపి చెబుతూ, నింద తీసుకెళ్ళి ఆడవాళ్ళ మీద వేశాడు! మన ఆడవాళ్ళ సోకులకు ఎంత ఖర్చు, అని ఆయన ధోరణి. ముత్యాలు, పట్టుబట్టలు సరే. మరి ఆ మిరియాలు వేసిన మాంసం భోజనాలు ఎవరు చేశారో ఆయన్ని అడిగేవాళ్ళు లేకపోయారు. ఆయనే ఒక ముచ్చట కూడా చెప్పాడు. సింహళానికి కొట్టుకుపోయిన ఒక రోమను దగ్గర వెండి నాణేలు చూసి అక్కడి రాజు ఆశ్చర్యపోయాడట, బొమ్మలు వేరువేరు చక్రవర్తులవి, బరువు మాత్రం అన్నిటిదీ ఒకటేనని. తూకం సరిగా వుండే వాళ్ళు నమ్మదగిన వాళ్ళని ఆ రాజుకి తోచింది.

నా పుట్టిల్లు బందరు. ఆ కాలపు గ్రీకు నావికుడు రాసిన పుస్తకంలో "మసాలియా" అనే తీరం పేరు వస్తుంది, అక్కడ సన్నబట్టలు బోలెడు తయారవుతాయని. పండితులు దాన్ని మా బందరు ప్రాంతమే అంటారు. ఆ బట్టకి నూలు వడికింది ఎవరై వుంటారు? మన ఆడవాళ్ళే అయివుంటారని నేననుకుంటాను. మా పుట్టింటి వైపు నుంచి బట్ట వెళ్ళింది, మా అత్తింటి వైపుకి వెండి వచ్చింది. ఈ లెక్క చెబితే మా వారు నవ్వారనుకోండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. నాగార్జునకొండలో మూడో శతాబ్దపు శాసనం ఒకటి వుంది. ఉజ్జయిని మహారాజు కూతురు రుద్రధర భట్టారిక అనే మహాదేవి అక్కడి మహాచైత్యానికి రాతి స్తంభం ఎత్తించి, దానికి 170 దీనారి మాషకాలు యిచ్చినట్టు అందులో వుంది. చూశారా, రోమను డబ్బు పేరు ఒక రాణిగారి దానశాసనంలోకి ఎక్కింది. రోమను బంగారు నాణేలకి రెండు బెజ్జాలు పొడిచి దండకి గుచ్చుకున్న ఆనవాళ్ళు కూడా మన దేశంలో దొరికాయి. మన కాసులపేరుకి తాతమ్మ అన్న మాట. బంగారం కొనలేని వాళ్ళు? సంగారెడ్డి వైపు కొండాపూరులో 1940 ప్రాంతంలో నిజాం ప్రభుత్వం వారు తవ్వకాలు జరిపితే, రోమను నాణేన్ని పోలిన అచ్చు దిగిన మట్టిబిళ్ళలు దొరికాయి, మెడలో వేసుకునేవి. ఆనాటి రోల్డుగోల్డు! (ఈ కొండాపూరు, హైటెక్ సిటీ పక్క కొండాపూరు కాదు సుమండీ. ఆటోవాడితో ముందే చెప్పుకోండి.)

సరే, కథలోకి వస్తాను. మరో నెలలో నేనూ మా వారూ అబ్బాయి దగ్గరికి వెళ్ళాలి, టిక్కెట్లు కొన్నాం. వాడు, "అమ్మా, వచ్చేటప్పుడు ఆ బిళ్ళ పట్టుకురా. చిన్నది. చీరల్లో పడేస్తే ఎవరు చూస్తారు" అన్నాడు. అత్తగారు కూడా, "పిలగాడు గంత మొకమయితుండు, యియ్యి బిడ్డా" అన్నారు. నేను దాన్ని మళ్ళీ చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమి, వెల్వెట్టు సంచీలో పెట్టి, పెళ్ళిపట్టుచీర మడతలో వుంచాను.

మా కాలనీలో ఒక లెక్చరరమ్మగారున్నారు. చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ప్రయాణానికి ముందు చూడవచ్చిన ఆవిడకి గొప్పగా యీ బిళ్ళ తీసి చూపించాను. ఆవిడ చేతిలోకి తీసుకోలేదు. ముందు కిటికీ దగ్గరికి రమ్మని, నా అరచేతిలోనే వుంచి అటూ యిటూ తిప్పి చూసి, "ఎక్కడికి తీసుకెళుతున్నారు?" అన్నారు. చెప్పాను. "ఆ పని మాత్రం చెయ్యకండి" అన్నారు.

ఆవిడ చెప్పిన చట్టం సంగతి మీకూ కావాలి, కనక శ్రద్ధగా వినండి. 1972లో మన దేశంలో పురావస్తువుల చట్టం ఒకటి చేశారు, 1976 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. వందేళ్ళు దాటిన నాణెం ఏదైనా దాని ప్రకారం పురావస్తువే. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, ప్రభుత్వం అనుమతించిన సంస్థలకీ తప్ప మనలాంటి వాళ్ళకి లేదు. మనవడికి కానుకైనా, ఒక్క బిళ్ళైనా అంతే. తప్పిస్తే ఆరునెలలకి తక్కువ కాకుండా, మూడేళ్ళ దాకా జైలు, పైన జుల్మానా. రోమను నాణెం మాట అటుంచండి, విక్టోరియా రాణి రూపాయి కూడా యీ లెక్కలోకే వస్తుంది. ఎందుకంటే ఆ రాణి పోయి వందేళ్ళు దాటిపోయింది. చార్మినారు బొమ్మ నిజాం రూపాయల్లో తొలినాటివీ అంతే. నేను యిన్నాళ్ళూ రబ్బరు బ్యాండ్లు వేసి భరిణెల్లో పెట్టి పంపించానే, అవన్నీ గుర్తుకొచ్చి నాకు చెమట్లు పట్టాయి.

అయితే యింట్లో పెద్దల నుంచి వచ్చిన పాత నాణేలు దాచుకోవటం నేరం కాదు. దేశం లోపల కొనుక్కుని సేకరించుకోవచ్చు కూడా. పురావస్తువులు అమ్మే వ్యాపారానికి మాత్రం లైసెన్సు వుండాలి. ఇక భూమిలో దొరికినది వేరే సంగతి. దానికి 1878 నాటి నిక్షేపాల చట్టం వుంది. పది రూపాయల విలువ దాటినది ఏదైనా నేలలో దొరికితే, ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అని కలెక్టరుకి రాసి తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకూ శిక్షో, జుల్మానాయో, రెండూనో పడవచ్చు.

"మరి యిది ఎక్కడ దొరికింది?" అని అడిగారు లెక్చరరమ్మగారు. నేను అత్తగారి కేసి చూశాను. నలభై యేళ్ళు ఆ బిళ్ళని చేత్తో తోమాను గాని, ఎక్కడిది అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదండీ.

అత్తగారు మెల్లిగా చెప్పుకొచ్చారు. రజాకార్ల గడబిడ సల్లారిన నాలుగైదేండ్లకు, తను కొత్త కోడలుగా వచ్చిన యేడు, మామగారు బాయి తవ్విస్తుంటే నడుము లోతున ముంత తగిలిందట. ముంత మూతికి పలకరాయి. లోపల నల్లగా మాడిన బిళ్ళలు. "ముంత నిండ వుండె బిడ్డా. నేనెంచలే. యింట్ల మగోల్లు రాత్రి తలుపులు బిగించుకొని చూసిండ్రు. పటేలుకు ఎరుకైతే గుంజుకుంటడని బయం." ఆ రాత్రే అవుసలాయన్ని పిలిపించారు. ఆయన ఒకటి రాతి మీద గీసి, మంచి వెండి, మట్టమే లేదన్నాడట. అన్నీ కరిగించారు. కొంత అమ్మి ఆడబిడ్డ పెండ్లి చేశారు. మిగిలినదానితో కొత్త కోడలికి కడియాలు చేయించారు. "గీ ఒక్కదాని మీద అమ్మవారు మంచిగ కనపడె. లచ్చిమిని కరగబెడ్తరా అని నేనే గుంజుకొని కొంగుల కట్టుకున్న. పదిహేనేండ్ల దాన్ని, నాకేమెరుక?"

ఆ కడియాలు యిప్పటికీ వున్నాయి. బీరువాలో, ఎర్రగుడ్డలో చుట్టి. బరువుకి కాళ్ళు నొప్పులని ఆవిడ మానేసి చాలా కాలమైంది. ఎన్ని నాణేలు కలిస్తే అంత కడియమవుతుందో లెక్కవేద్దామని వంటింటి త్రాసులో పెట్టి తూచాను. టైబీరియస్ నాణెం నాలుగు గ్రాముల లోపు వుంటుంది. రెండు కడియాలూ కలిసి నూటముప్పై గ్రాములకి పైచిలుకు. ముప్పై అయిదుగురు చక్రవర్తులు మా అత్తగారి కాళ్ళ చుట్టూ తిరిగారన్న మాట.

కరిగించటం మా వాళ్ళతోనే మొదలు కాలేదు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రోమను బంగారు నాణేలు. ఆయన పాతబంగారం కింద అమ్మేశాడు. చాలా వాటిని కరిగించేశారు. నవాబు కొడుకు చెవినపడి ముప్పై పైచిలుకు మాత్రం దక్కాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన డేవిడ్‌సన్ వాటిని చూసి వుత్తరం రాయబట్టి ఆ సంగతి మనదాకా వచ్చింది. ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టీనా రాణివి అని తెలిసింది. కరిగిపోయిన వాటిలో ఎవరివి వున్నాయో ఎవరికీ తెలియదు.

లెక్చరరమ్మగారు ఆ సాయంత్రమంతా అత్తగారి మంచం దగ్గరే కూచున్నారు. బాయి ఎక్కడుంది, చింతచెట్టుకి ఎటువైపు, ముంత ఎరుపా నలుపా, పలకరాయి ఎంతుంది, పక్కన పెంకులు, యిటుకలు ఏమైనా కనబడ్డాయా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. ఆవిడ అడుగుతుంటే అత్తగారికి గుర్తుకొస్తున్నాయి. ముంత నున్నగ నల్లగ అద్దమోలె వుండెనట. బాయికి పడమర దిబ్బ వుండెనట, దాని మీద పిల్లలు ఆటకు పూసలు ఏరుకునేవారట. "అమ్మా, యివి ఎవరికైనా ఎప్పుడైనా చెప్పారా?" అని ఆవిడ అడిగితే, అత్తగారు, "ఎవలడిగిండ్రు బిడ్డా నన్ను?" అన్నారు. ఆ మాట నా గుండెలో ముల్లులా గుచ్చుకుంది.

రాత్రి అబ్బాయికి ఫోను చేశాను, బిళ్ళ తేవటం లేదురా అని. కొంచెంసేపు మాట్లాడలేదు. అలిగాడేమో అనుకున్నాను. తరవాత వాడే అన్నాడు, "నా ఆల్బంలో అరవై వున్నాయమ్మా. ఏ వూళ్ళో కొట్టారో అన్నిటికీ చెప్పగలను. ఏ చేలో దొరికిందో, ఎవరికి దొరికిందో ఒక్కదానికీ తెలియదు. కొట్లో అడిగితే పాత సేకరణలోది అంటాడు, అంతే. నానమ్మదానికి బాయీ చింతచెట్టూ వున్నాయి. అది అక్కడే వుండాలి." నేను వాణ్ణి పెంచింది దండగ కాలేదనిపించింది, పైకి అనలేదు.

సేకరణ తప్పని నేననటం లేదు. కరీంనగరు వైపు గోదావరి ఒడ్డున కోటిలింగాల అని వూరుంది. సంగనభట్ల నరహరిశర్మగారనే పండితులు ఆ దిబ్బ మీద దొరికే బిళ్ళలు పోగుచేసి, ఫలానా చోటివి అని పరబ్రహ్మశాస్త్రిగారి వంటి చరిత్రకారులకి చూపించారు. వాటిలో శాతవాహన వంశానికి మొదటివాడైన శిముకుడి పేరున్న నాణేలు బయటపడ్డాయి. పురాణాల్లో పేరు తప్ప అంతకు మించి పెద్దగా తెలియని రాజు! ఆయన అవి పోగుచేసి పెట్టెలో తాళం వేసుకున్నా, వూరి పేరు చెప్పకుండా అమ్ముకున్నా, ఆ రాజు సంగతి మనకి తెలిసేది కాదు.

ఇక మన యిళ్ళలోని పాతబిళ్ళల మాట. దయచేసి తోమకండి! చింతపండు, విభూతి, అంట్లపొడి, ఏదీ వద్దు. వెండి మీది నలుపు మురికి కాదు, అది నాణేనికి చర్మం లాంటిది. నేను నలభై దీపావళులు తోమి తోమి లివియమ్మ ముక్కూ నోరూ అరగదీశాను. రాత కూడా సగం పోయింది. ఫ్రాన్సులో అచ్చు వేసినవాడి పనితనాన్ని రెండువేల యేళ్ళ మట్టి చెరపలేదు, నా చింతపండు చెరిపింది. మెత్తటి కాయితం కవరులో వేసి, కవరు మీద ఎవరిచ్చారు, ఎక్కడిది, ఎప్పటిది అని రాసి పెట్టండి. బజారులో ఎవరైనా రోమను నాణేలని చెప్పి గుప్పెళ్ళతో అమ్మజూపితే నమ్మకండి. పోతపోసిన నకిలీలు బోలెడు. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, పైన సూదిగుచ్చినట్టు చిల్లులు కనిపిస్తే పోతపనే. అసలువి అచ్చు పెట్టి సుత్తితో కొట్టినవి. ఏ రెండూ అచ్చంగా ఒక్కలా వుండవు, మన చేత్తో చేసిన అప్పడాల్లాగే.

పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియానికి ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళి నాణేలు చూపించండి. మేమూ వెళ్ళాం. అత్తగారిని చక్రాల కుర్చీలో కూచోబెట్టి తిప్పాం. అద్దాల బీరువా ముందు ఆవిడ చాలాసేపు ఆగిపోయి, "గివి ఎవలింట్లవో, కరగబెట్టలే, అదృష్టమంతులు" అన్నారు.

నల్లగొండ కలెక్టరుగారికి వుత్తరం రాశాం. లెక్చరరమ్మగారు రాసిపెట్టిన కాయితం, అత్తగారి మాటలు అత్తగారి భాషలోనే వుంచి, జతచేశాం. కింద ఆవిడ వేలిముద్ర. డెబ్బయ్యేళ్ళు ఆలస్యంగా యిస్తున్న యీ కబురుకి ఏమంటారో అని మా వారు కాస్త జంకారు. అత్తగారు జంకలేదు. దీపావళికి పళ్ళెంలో ఏం పెట్టాలన్నదే ఆవిడ బెంగ. పోయిన వారం బజారు నుంచి కొత్త లక్ష్మి వెండిబిళ్ళ తెచ్చి చూపించాను. చేత్తో తూచి చూసి, "తేలికుంది" అని పక్కన పెట్టేశారు.

నల్లగొండ నుంచి పిలుపు వచ్చింది. వచ్చే సోమవారం బిళ్ళ తీసుకుని వెళ్ళాలి. కారులో అంత దూరం మీరెందుకు, మేం చూసుకుంటాం అన్నాం. వినలేదు. తనే వస్తారట, బాయి తావు తనే చూపిస్తారట. బీరువాలోంచి ఎర్రగుడ్డ మూట తీసియ్యమన్నారు. కడియాలు పెట్టుకునే వస్తారట.